తిరిగివచ్చిన వ్రాతప్రతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము ఇరువదియైదేండ్లుగా తన గ్రంథాలయపు తలుపులు మూతపడకుండ కాపాడుకొనుట సామాన్యవిషయము కాదు. గుడి కట్టించినవారి పేరు శిలాఫలకముపై నుండును. గ్రంథాలయమును నిలిపినవారి పేర్లు చందాల పుస్తకములో మాత్రమే యుండును. అట్టి చందాదారుల యెదుట నిలిచి మాటలాడు భాగ్యమును నాకు కలిగించిన కార్యనిర్వాహకవర్గము వారికి నా నమస్కారములు.

రచయితను గూర్చియు, ప్రచురణను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరిరి. విషయము పెద్దది. కనుక నేను రెండు ప్రశ్నలకే పరిమితమగుచున్నాను. అచ్చువేయువారు దొరకని రచయిత యేమి చేయవలెను? అట్టివాని యెడల గ్రామ గ్రంథాలయము చేయదగిన పని యేమి?

మనలో ఒక అపోహ కలదు. ఎవడైనను తన పుస్తకమును తానే అచ్చువేసికొన్నచో, "ఎవరును వేయలేదు గాబోలు, సొంత డబ్బు పెట్టుకొన్నాడు" అని పెదవి విరుతుము. ఇంటిలో పెండ్లిఖర్చునకు వెనుదీయనివాడు పుస్తకమునకు ఖర్చుపెట్టెనని విన్నచో నవ్వుకొందుము. ఈ నవ్వు న్యాయమైనదేనా యని ముందు విచారింతము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను ఆరంభించినప్పుడు, అచ్చుకొరకు వ్రాతప్రతులను మద్రాసు పంపవలసివచ్చెను. ఆ దూరమును, ఆ యాలస్యమును భరింపలేక ఆయన రాజమహేంద్రవరమునందే ముద్రణాలయము నెలకొల్పుకొనిరి. తమ మాటను తామే అచ్చువేసికొనవలసినంత యవసరము ఆయనకు కలిగినది. ఆ యవసరమే ఆంధ్రదేశమునకు మేలు చేసినది. పరదేశమున చూచినను ఇదియే కథ. అమెరికా మహాకవి వాల్ట్ విట్మన్ 1855లో "లీవ్స్ ఆఫ్ గ్రాస్" అను తన పద్యసంపుటమును సొంత ఖర్చుతో వెలువరించెను. కొన్ని పుటలకు అక్షరములు కూడ తన చేతులతోనే పేర్చెను. అందున్నవి పండ్రెండు పద్యములు మాత్రమే. నేడు ఆ పుస్తకము లేనిదే ఆ దేశపు కవిత్వచరిత్ర మొదలు కాదు. మన శ్రీశ్రీ మహాప్రస్థానగీతములలో పెక్కింటిని 1930ల నాటికే వ్రాసియుండిరి. అవి పుస్తకరూపము దాల్చుటకు 1950 వఱకు ఆగవలసివచ్చెను. మంచి రచనయైనంత మాత్రమున అచ్చు దానిని వెదకుకొనుచు రాదని యీ యుదాహరణములవలన తేటపడుచున్నది.

అంతదూరము పోనేల? తెనాలినుండి రేపల్లెకు పోవు రైలులో భట్టిప్రోలు దాటనివారు ఈ సభలో నుండరు. అచ్చటి స్తూపమునుండి 1892లో బయల్పడిన ధాతుపేటికలపై రమారమి రెండువేల రెండువందల యేండ్లనాటి వ్రాతలు కలవు. వానిలో కుబీరకుడను రాజు పేరొక్కటే లేదు. గోష్ఠిలోను, నిగమములోను చేరిన సామాన్యజనుల పేర్లును వరుసగా చెక్కబడియున్నవి. నలుగురు కూడి తమ ఖర్చుతో తమ పేరును, తమ మాటను నిలుపుకొనుట ఈ నేలకు క్రొత్త కాదు. రాతిమీద చెక్కినను, కాగితముమీద అచ్చొత్తినను ఆ కోరిక ఒక్కటే.

ఇక తెనాలికి వత్తును. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు వంటివారిని కన్న పట్టణమది. 1937 ప్రాంతమున పుదుక్కోట నుండి ఒక తమిళ బాలుడు తండ్రివెంట ఆ పట్టణము చేరెను. పేరు నటరాజన్. ఇంటిభాష తమిళము. బ్రతుకుతెరువు హోటలుపని. హోటలు కుఱ్ఱవాని దినచర్య యెట్టిదో మీకు వేఱుగ చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే లేవవలెను, రాత్రి పొద్దుపోయినదాక నిలుచుండవలెను, ఎవరు కేకవేసినను పరుగెత్తవలెను. ఆ పని నడుమనే ఆ బాలుడు తెలుగు నేర్చెను. చేతికి దొరకిన పత్రికనెల్ల, పుస్తకమునెల్ల చదివెను. చదువుటతో తృప్తి తీరక వ్రాయ నారంభించెను. అతడే తెలుగు పాఠకులకు తెలిసిన "శారద".

1946లో ఆయన "ప్రపంచానికి జబ్బుచేసింది" అను కథతో రచయితగా వెలికివచ్చిరి. ఇక చేతిలో పత్రిక లేదు, పెట్టుబడి లేదు, పలుకుబడి లేదు. అయినను ఆయన మిత్రులతో కలసి "ప్రజావాణి" అను లిఖితపత్రికను నడపిరి. లిఖితపత్రిక యనగా నేటి యువకులకు తెలియకపోవచ్చును. అచ్చుయంత్రముతో పనిలేకుండ, పుటలన్నియు చేతితో చక్కగా వ్రాసి, కుట్టి, అట్టవేసి, ఒకే ప్రతిని చేతులు మార్చుకొనుచు చదువు పత్రిక అది. గ్రంథాలయపు బల్లపై నుంచినచో ఆ యొక్క ప్రతినే పదిమంది చదువుదురు. పుట చివర తమ యభిప్రాయమును కూడ వ్రాసిపోవుదురు. నా దృష్టిలో స్వయంప్రచురణకు ఇంతకంటె స్వచ్ఛమైన రూపము లేదు. దానికి కావలసినది కాగితము, సిరా, చదువు పొరుగువాడు, అంతే.

శారద పెక్కు కథలు వ్రాసిరి. "ఏది సత్యం", "మంచీ చెడూ", "అపస్వరాలు" మున్నగు నవలలు వ్రాసిరి. పత్రికలు ఆయన రచనలను ఆదరించినవి. తెనాలి వీథులు, వ్యాపారములు, హోటళ్లు, అప్పులు, పెద్దమనుష్యుల రెండునాలుకలు ఆ నవలలలో కన్నులకు కట్టినట్లుండును. కాని పేరు వేఱు, కూడు వేఱు. రచయితగా గుర్తింపు వచ్చిన పిమ్మట కూడ ఆయనను దారిద్ర్యము విడువలేదు, మూర్ఛరోగము విడువలేదు. 1955 ఆగస్టు 17వ తేదీన, ముప్పదియేండ్లు దాటీదాటకముందే ఆయన కన్నుమూసిరి.

ఇచ్చట మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆయన వ్రాసినదంతయు నేడు మనకు దొరకుట లేదు. దొరకినది యెట్లు దొరకినది? మిత్రులు దాచినందువలన, పాతపత్రికలను ఎవరో భద్రపఱచినందువలన దొరకినది. ఆయన మిత్రులు ఆలూరి భుజంగరావుగారు కూడ హోటలు కార్మికులే. హిందీ నేర్చి, ఆ భాషనుండి పెక్కు గ్రంథములను తెనిగించినవారు. ఆయనయే "సాహిత్య బాటసారి శారద" అను పుస్తకము వ్రాసి మిత్రుని జీవితమును మనకు నిలిపియిచ్చిరి. శారద కథలు ఎన్నియో యేండ్లకు "రక్తస్పర్శ" అను సంపుటముగా వెలువడినవి. ఒక హోటలు కార్మికుడు వ్రాసినదానిని ఇంకొక హోటలు కార్మికుడు కాపాడెను. ఈ పనిని ఒక గ్రంథాలయము చేసియున్నచో, పోయినవి కూడ పోకుండునేమో!

ఇట్టి వేఱొక జీవితము తెలంగాణమున కలదు. నల్లగొండ సీమలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు చిన్నతనమున వంటపని చేసిరి, హోటలులో సర్వరుగా నుండిరి. ఆయన 1938లో సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. తమ రచనలకొరకు మాత్రమే కాదు, ఇతరుల రచనలను వెలికి తెచ్చుటకు కూడ. వెలువరించిన పుస్తకములను స్వయముగా మోసికొనిపోయి ఊరూర అమ్మిరి. పిదప "ప్రజల మనిషి", "గంగు" అను నవలలు వ్రాసిరి. 1961లో పరమపదించిరి. శారద కథను, ఆళ్వారుస్వామిగారి కథను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. వ్రాయుట ఒక పని. అచ్చువేయుట రెండవ పని. పాఠకుని ముంగిటికి చేర్చుట మూడవ పని. మూడవదానికి కాళ్లు కావలెను. ఆళ్వారుస్వామిగారికి తమ కాళ్లే దిక్కైనవి. మన గ్రామములలో ఆ కాళ్లు గ్రంథాలయములు కావలెను.

ఈ మాట నేను గాలిలో చెప్పుట లేదు. అనుభవముచేత చెప్పుచున్నాను. ఈ సీమలోని కాలువగట్ల బ్రదుకును గూర్చి నేను వ్రాసిన కథలు పదునాలుగేండ్లు నా పెట్టెలోనే యుండెను. ఒక ప్రచురణకర్త ఏడాదిన్నర దగ్గఱ నుంచుకొని మాటయైనను చెప్పక త్రిప్పి పంపెను. ఇంకొకరు పల్లెటూరి కథలకు అమ్మకము లేదనిరి. మఱియొకరు సొమ్ము ముందుగా ఇచ్చినచో వేయుదుమనిరి గాని, ఎన్ని ప్రతులు వేయుదురో, అమ్మిన లెక్క యెవరు చూపుదురో చెప్పలేదు. చివరకు ధాన్యము అమ్మిన సొమ్ములో కొంత తీసి, తెనాలిలో కథలను కంపోజు చేయించి, మూడువందల ప్రతులు నేనే వేయించితిని. ఇంటికి కట్టలు వచ్చిననాడు మా యావిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇవి ఎవరింటికి పోవునండీ?" ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు.

సమాధానము గ్రంథాలయములు చెప్పినవి. బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతములలో బస్సు పోవు ఊళ్లకెల్ల సంచి భుజమున వేసికొని తిరిగి, గ్రంథాలయమున్నచోట నొక ప్రతి ఇచ్చివచ్చితిని. సంవత్సరము గడచిన తరువాత ఒక పల్లెలో ఆ పుస్తకము కడపటి పుటలో అంటించిన తారీఖు చీటీని చూచితిని. చీటీ నిండిపోగా దానిపై రెండవ చీటీ అంటించియుండిరి. అట్ట మూలలు నలిగినవి, పుటలపై వ్రేళ్ల ముద్రలు పడినవి. గ్రంథపాలకుడు నొచ్చుకొనుచు, "చాల మాసిపోయినది, వేఱొక ప్రతి ఉన్నదా?" అని యడిగెను. పదునాలుగేండ్ల నిరీక్షణకు ఆ మాసిన ప్రతియే నాకు లభించిన సన్మానము. అమ్మిన ప్రతుల లెక్కకంటె ఆ చీటీ మీది తారీఖుల లెక్కయే నాకు నిజమైన లెక్కగా తోచినది.

ఈ సభలో వ్రాయువారు, వ్రాయదలచినవారు కొందఱున్నారని నాకు తెలియును. వారికొరకు ఆచరణయోగ్యములైన కొన్ని విషయములు చెప్పెదను. పూర్వము సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా పేర్చి, పదునారు పుటల ఫారములుగా అచ్చొత్తెడివారు. అంత శ్రమపడి పేర్చినప్పుడు వేయి ప్రతులైనను వేయనిదే గిట్టుబాటు కాదు. ఆ వేయింటిలో అమ్ముడుపోనివి అటకమీద చెదలపాలగుచుండెను. నేడు ఆ పద్ధతి పోయినది. అక్షరములు కంప్యూటరులో కూర్పబడుచున్నవి. ఏబది, వంద ప్రతులు మాత్రము వేయించుకొనుటకు వీలున్నది. కనుక మొదట తక్కువ వేయించుడు. చదివినవారు అడిగినప్పుడు మఱల వేయించుడు.

వ్రాతప్రతిని అచ్చునకు ఇచ్చుటకు ముందు మీ మాట మెచ్చుకొనని ఒక పాఠకునకు చూపుడు. ప్రచురణసంస్థలో ఆ పనిని సంపాదకుడు చేయును. సొంతముగా వేసికొనువానికి సంపాదకుడు లేనందున ఆ లోటును ఊరిలోనే తీర్చుకొనవలెను. ప్రూఫులను మీరొకసారి, వేఱొకరు ఒకసారి దిద్దవలెను. కన్ను తన తప్పును తాను చూడదు. సొమ్ము చెల్లించినచో మీ పుస్తకమునకు కీర్తి తెప్పింతుమని చెప్పువారు నేడు పెక్కుమంది కలరు. ప్రతుల సంఖ్య, ధర, హక్కు, అమ్మకపు లెక్క అను నాలుగు విషయములు కాగితముమీద వ్రాసియిచ్చువఱకు వారికి కాసు చెల్లింపకుడు.

పుస్తకము లోపలి పుటలో ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరము, ప్రతుల సంఖ్య తప్పక వేయుడు. పాత తెలుగు పుస్తకములు పెక్కింటియందు ఈ మర్యాద కనబడును. అంతర్జాతీయ పుస్తకసంఖ్యను రాజా రామమోహన రాయ్ పేరనున్న జాతీయసంస్థ రుసుము లేకుండ నిచ్చుచున్నది. వేఱొక సంగతి చాలమందికి తెలియదు. 1954 నాటి గ్రంథసమర్పణ చట్టము ప్రకారము, పుస్తకము వెలువరించిన ప్రతి ప్రచురణకర్తయు ముప్పది దినములలోపల కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకు ఒక ప్రతిని, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ నగరములలో నిర్ణయింపబడిన గ్రంథాలయములకు ఒక్కొక్క ప్రతిని తన ఖర్చుతో పంపవలెను. ఈ చట్టము దృష్టిలో పెద్ద సంస్థయు, మన యూరిలో తన పుస్తకమును తానే వేసికొన్న రైతుబిడ్డయు సమానమే. దీనిని భారముగా తలపకుడు. మీ యింటి ప్రతులు వఱదలో తడిసినను, చెదలు తినినను, దేశములో నాలుగుచోట్ల మీ మాట నిలిచియుండును.

ఇక గ్రంథాలయము మాట. ఈ సీమకు గ్రంథాలయోద్యమము పుట్టింటి సొత్తు. 1913లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగెను. మరుసటి యేట, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. 1918లో వేటపాలెమున స్థాపితమైన సారస్వత నికేతనము పాతపత్రికలను, పాతపుస్తకములను భద్రపఱచి పరిశోధకులకు కాశీక్షేత్రము వంటిదైనది. తెనాలి చేరువనున్న పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు 1935లో పడవమీద గ్రంథాలయమును నడపి, కాలువగట్టు పల్లెలకు పుస్తకములు చేర్చిరి. నీరు పాఱినచోటికెల్ల పుస్తకము పాఱవలెనని తలచిన పెద్దలు వారు. ఆనాడు పుస్తకము పట్టణమునుండి పల్లెకు వచ్చుటయే గొప్ప. నేడు పల్లెలో పుట్టిన పుస్తకము పల్లెలోనే నిలువ నీడలేక పోవుచున్నది. ఊరివాడు వ్రాసిన పుస్తకమునకు ఊరి గ్రంథాలయములోనే చోటు లేనిచో, ఇంక ఏ యూరు దానికి చోటిచ్చును?

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గము వారికి మూడు ప్రార్థనలు చేయుచున్నాను. మొదటిది. ఈ గ్రంథాలయములో స్థానిక రచయితల కొక బీరువా కేటాయింపుడు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు సొంతముగా వేసికొన్న పుస్తకములను రెండేసి ప్రతులు చేర్పుడు. ఒకటి ఇంటికిచ్చుటకు, ఒకటి దాచుటకు. బాగున్నవా, లేవా యని ముందే తీర్పు చెప్పకుడు. ఆ తీర్పును తారీఖు చీటీకి విడువుడు.

రెండవది. సంవత్సరమున కొక్కసారి లిఖితపత్రిక వెలువరింపుడు. బడిపిల్లలు, రైతులు, గృహిణులు, కూలిపనివారు వ్రాయనిండు. శారద వంటి కుఱ్ఱవాడు నేడు కూడ ఏ హోటలులోనో, ఏ రొయ్యల చెరువుగట్టునో పనిచేయుచు వ్రాయుచుండవచ్చును. అతని కథ అచ్చువఱకు పోకపోయినను, కనీసము మన బల్లవఱకైనను రావలెను.

మూడవది. మన దేశపు చట్టము ప్రకారము రచయిత మరణించిన పిదప అఱువది యేండ్లవఱకు అతని రచనలపై హక్కు నిలుచును. శారద 1955లో గతించిరి. కావున ఆయన జీవించియుండగా అచ్చయిన రచనలు 2016 మొదలుకొని అందఱి సొత్తు అయినవి. అట్టి కథలలో నాలుగింటిని ఏరి, మన గ్రంథాలయము పక్షమున చిన్నపుస్తకముగా వేసి, చందాదారులకు పంచిపెట్టుడు. తనకు నోటు పుస్తకము కొనుటకైనను కష్టమైనవానికి మనము చెల్లింపగల ఋణము అది. అందుకయ్యెడి ఖర్చులో నావంతు ఇచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను. ఆ పుస్తకమునకు ప్రూఫులు దిద్దు బాధ్యతను కూడ నేనే స్వీకరింతును.

వ్రాతప్రతి త్రిప్పి పంపబడుట రచయితకు అవమానము కాదు. అది తిరిగి ఇల్లు చేరినది, అంతే. ఇంటినుండి అది ఎచ్చటికి పోవలెనో చూపువారు కావలెను. ఆ దారి ఈ తలుపుమీదుగా పోవునట్లు చేయుట మీ చేతిలో నున్నది.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనవలెననియు, ఆనాటికి స్థానిక రచయితల బీరువా ఒకటి చాలక రెండవది చేయింపవలసివచ్చిన దని కార్యదర్శిగారు తమ నివేదికలో చదువవలెననియు కోరుచున్నాను.